ఇర్ఫాన్ పఠాన్‌ని ఎవరు చెడగొట్టారు?

అడిలైడ్ టెస్టు అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది లక్ష్మణ్ 148, ద్రవిడ్ 233, ఇద్దరూ కలిసి జోడించిన 303 పరుగులు. 2003 డిసెంబరులో చలికి వణుకుతూ పొద్దున్నే లేచి టీవీ పెట్టుకున్నవాళ్లకు ఆ మ్యాచ్‌లో ఇంకో విషయం కూడా గుర్తుండాలి. ఉంగరాల జుట్టు కుర్రాడొకడు ఎడమచేత్తో కొత్త బంతి వేస్తూ మాథ్యూ హేడెన్‌ చేత కీపర్‌కు క్యాచ్ ఇప్పించాడు. వయసు పందొమ్మిది. బరోడాలోని ఒక మసీదులో అజాన్ ఇచ్చే మనిషి కొడుకు. ఆ సిరీస్‌లోనే సిడ్నీలో గిల్‌క్రిస్ట్ వికెట్లను లోపలికి దూసుకొచ్చిన యార్కర్‌తో ఎగరగొట్టాడు. పాకిస్థాన్‌కున్నట్టే మనకూ ఎడమచేత్తో వేసే ఒక వసీం అక్రమ్ దొరికాడని జనం అనుకున్నారు. అలా అనుకోవడం తప్పు కూడా కాదు, అప్పటికి.

2008 ఏప్రిల్‌లో అహ్మదాబాద్‌లో దక్షిణాఫ్రికా మీద భారత్ ఒక ఇన్నింగ్స్‌లో 76 పరుగులకే కుప్పకూలిన టెస్టు ఉంది కదా, ఇర్ఫాన్ ఆఖరి టెస్టు అదే. అప్పటికి అతనికి ఇరవై మూడేళ్లు. మొత్తం 29 టెస్టులు, సరిగ్గా 100 వికెట్లు. వన్డేలు, టీ20లు మరో నాలుగేళ్లు అడపాదడపా ఆడాడు కానీ, తెల్లబట్టల్లో అతని కథ అక్కడితో సరి.

మరి ఎవరు చెడగొట్టారు? టీ కొట్టు దగ్గర ఎవరినడిగినా ఒకటే జవాబు. అప్పటి భారత జట్టు కోచ్, ఆస్ట్రేలియావాడు గ్రెగ్ చాపెల్. చక్కగా బౌలింగ్ చేసుకుంటున్న కుర్రాణ్ణి బ్యాట్స్‌మన్ చేయబోయి రెంటికీ చెడ్డ రేవడిని చేశాడట. పదిహేనేళ్లుగా వింటున్న మాటే, వినడానికి బాగుంటుంది కూడా. కథలో విలన్ ఉంటే మనకు మనశ్శాంతి. ఆ విలన్ విదేశీయుడైతే మరీ హాయి.

కానీ తేదీలు ఆ కథకు సహకరించవు. చాపెల్ కోచ్‌గా వచ్చింది 2005 మధ్యలో. ఆ అక్టోబరులో నాగపూర్‌లో శ్రీలంక మీద ఇర్ఫాన్‌ను వన్‌డౌన్‌లో, అంటే మూడో బ్యాట్స్‌మన్‌గా పంపారు, 83 కొట్టాడు. ఆ ఆలోచన సచిన్‌దని తర్వాత ఇర్ఫానే చెప్పాడు. తన కెరీర్‌ను చాపెల్ పాడుచేశాడన్న మాటను అతను ఎన్నడూ ఒప్పుకోలేదు. అసలు మెలిక ఇంకోచోట ఉంది. 2007 వరల్డ్‌కప్ ఓటమి తర్వాత చాపెల్ వెళ్లిపోయాడు. ఇర్ఫాన్ జట్టులోకి తిరిగొచ్చి మెరిసింది ఆ తర్వాతే. ఆ సెప్టెంబరులో టీ20 ప్రపంచకప్ ఫైనల్లో పాకిస్థాన్ మీద 16 పరుగులకు 3 వికెట్లు తీసి మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ అయ్యాడు. డిసెంబరులో బెంగళూరు టెస్టులో అదే పాకిస్థాన్ మీద సెంచరీ కొట్టాడు. 2008 జనవరిలో పెర్త్‌లో ఆస్ట్రేలియాను ఓడించిన టెస్టులో మళ్లీ మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్. (పెర్త్ అంటే అందరికీ పాంటింగ్‌ను ఇషాంత్ వణికించిన స్పెల్ గుర్తుంది. అవార్డు తీసుకెళ్లింది ఇర్ఫాన్ అన్న సంగతి క్విజ్ పోటీల్లో తప్ప ఎక్కడా వినపడదు.) కోచ్ పోయాక ఇంత బాగా ఆడినవాడు, పెర్త్ గెలిచిన మూడు నెలలకే ఆఖరి టెస్టు ఎందుకు ఆడేశాడు?

ముందు ఆ 100 వికెట్లను కాస్త విడదీసి చూద్దాం. అభిమానులకు ఇది రుచించదు. 2004 చివర్లో బంగ్లాదేశ్‌లో ఆడిన రెండు టెస్టుల్లో 18 వికెట్లు, 2005లో జింబాబ్వేలో ఆడిన రెండు టెస్టుల్లో 21. అంటే వందలో ముప్ఫై తొమ్మిది వికెట్లు నాలుగే నాలుగు మ్యాచ్‌ల్లో, ఆనాటికి బాగా బలహీనంగా ఉన్న రెండు జట్ల మీద వచ్చాయి. మిగిలిన 25 టెస్టుల్లో 61. మొత్తం సగటు, అంటే ఒక్కో వికెట్‌కు ఇచ్చిన పరుగులు, 32. చూడ్డానికి పర్వాలేదు. ఈ నాలుగు మ్యాచ్‌లు తీసేస్తే అది 45 దాటుతుంది. ఎప్పుడో కొండెక్కి తర్వాత జారిపడ్డాడని మనం అనుకుంటున్నాం. బంతి తిరిగిన రోజు కొండెక్కేవాడు, తిరగని రోజు నేల మీదే ఉండేవాడు, మొదటినుంచీ కూడా. అతని దగ్గరున్న ఆస్తి అంతా ఒకే సంచీలో ఉండేది. దాని పేరు స్వింగ్, అంటే బంతి గాల్లోనే పక్కకు వంగడం.

ఆ సంచీ విప్పి చూస్తే గానీ మిగతా కథ అర్థం కాదు.

క్రికెట్ బంతికి నడుమ కుట్టు ఉంటుంది, సీమ్ అంటాం. కొత్త బంతిని ఆ కుట్టు కాస్త పక్కకు వంచి, నిటారుగా వెనక్కి తిరిగేలా వదిలితే ఒకవైపు గాలి నున్నగా జారి తొందరగా బంతిని వదిలేస్తుంది. రెండోవైపు కుట్టు అడ్డు తగిలి గాలి చెదిరి, బంతిని ఇంకొంచెం దూరం అంటిపెట్టుకుని పోతుంది. ఆ తేడా వల్ల బంతి కుట్టు చూపిస్తున్న దిక్కుకు వంగుతుంది. ఇదంతా జరగాలంటే గాల్లో ఉన్నంతసేపూ కుట్టు ఊగకుండా ఉండాలి. అది మణికట్టు పని. వదిలే క్షణంలో మణికట్టు బంతి వెనకాలే ఉండి, రెండు వేళ్లూ కుట్టు మీదుగా సమంగా జారాలి. మణికట్టు కొంచెం పక్కకు పడిందా, కుట్టు తాగుబోతులా ఊగుతుంది, బంతి తిన్నగా పోతుంది.

వేగం సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. మరీ వేగంగా వేస్తే రెండువైపులా గాలి చెదిరిపోయి మామూలు స్వింగ్ తగ్గుతుంది. గంటకు 130 కిలోమీటర్ల చుట్టుపక్కల, అంటే ఫాస్ట్ మీడియం బౌలర్లు ఉండే చోట కొత్త బంతి ఇంకా బాగానే వంగుతుంది. మరి వేగం 125కు, ఇంకా కిందికి పడిపోతే? బంతి అప్పుడూ వంగుతుంది. కాకపోతే బ్యాట్స్‌మన్‌కు చూసుకోవడానికి టైమ్ దొరుకుతుంది. 135తో వచ్చే బంతి బౌలర్ చేతినుంచి బ్యాట్ దాకా రావడానికి సెకనులో సగం కన్నా తక్కువ పడుతుంది. పది కిలోమీటర్లు తగ్గితే అదనంగా దొరికేది సెకనులో నూటికి నాలుగు వంతులు. మనకు అది లెక్కలోకి రాదు. ద్రవిడ్ లాంటివాడికి మాత్రం అది బంతి అంచుకు తగలడానికీ బ్యాట్ నడుమ తగలడానికీ ఉన్న తేడా.

ఇప్పుడు 2006 జనవరి 29, కరాచీ. మ్యాచ్ తొలి ఓవర్. నాలుగో బంతి సల్మాన్ బట్‌కు. అతను ఎడమచేతి వాటం కాబట్టి బంతి అతనికి దూరంగా వంగింది, అంచు తగిలి స్లిప్‌లో ద్రవిడ్ చేతిలో పడింది. అయిదోది యూనిస్ ఖాన్‌కు. కుడిచేతి వాటం కాబట్టి బంతి లోపలికొచ్చింది, ఎల్బీడబ్ల్యూ. ఆరోది మహమ్మద్ యూసుఫ్‌కు. బ్యాట్‌కూ ప్యాడ్‌కూ మధ్య సందులోంచి లోపలికి దూరి వికెట్లను తాకింది. టెస్టు మ్యాచ్ మొట్టమొదటి ఓవర్లో హ్యాట్రిక్, అంతకు ముందు ఎవరికీ లేదు.

ఆ మూడు బంతుల్లోనే ఇర్ఫాన్ బలమూ ఉంది, బలహీనతా ఉంది. ఎడమచేతి బౌలర్ ఓవర్ ద వికెట్, అంటే బంతి వేసే చేయి వికెట్ల వైపు ఉండేలా వేస్తే బంతి ఏటవాలుగా కుడిచేతి బ్యాట్స్‌మన్‌కు అడ్డంగా, స్లిప్పుల వైపు పోతుంటుంది. అలా పోతూపోతూ చివర్లో వెనక్కి వంగితేనే యూనిస్‌లు, యూసుఫ్‌లు దొరుకుతారు. వంగలేదనుకోండి. ఆ బంతి ఆఫ్‌స్టంప్ అవతలికి తన దారిన తాను పోతుంది, బ్యాట్స్‌మన్ బ్యాట్ ఎత్తి వదిలేస్తాడు. నాలుగు సార్లు వదిలేశాక అయిదోది కాస్త పొట్టిగా పడితే బౌండరీకి కొడతాడు. కుడిచేతి ఫాస్ట్ మీడియం బౌలర్‌కు స్వింగ్ లేకపోయినా ఆఫ్‌స్టంప్ మీద పడేసి బతికే దారి ఒకటుంటుంది. ఎడమచేతివాడికి ఆ దారి ఇరుకు. బంతి తిరగని ఎడమచేతి బౌలర్‌కు మంచి వేగమైనా ఉండాలి, మంచి ఎత్తైనా ఉండాలి. ఇర్ఫాన్‌కు ఆ రెండూ అంతంతమాత్రం.

అదే కరాచీ మ్యాచ్ మిగతా భాగం జనం మర్చిపోయారు. సున్నాకు 3 వికెట్లు, 39కి 6 వికెట్లు పోయిన పాకిస్థాన్‌ను కమ్రాన్ అక్మల్ సెంచరీ 245 దాకా లాక్కొచ్చింది. రెండో ఇన్నింగ్స్‌లో వాళ్లు 7 వికెట్లకు 599 కొట్టి డిక్లేర్ చేశారు. భారత్ 341 పరుగుల తేడాతో ఓడింది. బంతి మెరుపు ఉన్నంతసేపు చరిత్ర రాశాం. మెరుపు పోయాక మన దగ్గర సమాధానం లేదు.

ఇక్కడిదాకా ఇది అతని బౌలింగ్ స్వభావం. ఆ స్వభావంతోనే పదేళ్లు ఆడినవాళ్లున్నారు. ఇర్ఫాన్ ఆడలేకపోవడానికి కారణం ఒంటిలో ఉందని నా నమ్మకం. ఒంటిలో అంటే ఏదో ఒక పెద్ద గాయం అనడం లేదు. వయసుకూ పనికీ లెక్క తప్పడం.

బౌలర్ ముందుకాలు నేలకు గుద్దుకునే క్షణంలో అతని శరీర బరువుకు అయిదు రెట్లకు పైగా బలం కాలిమీదుగా పైకి పాకుతుంది. ఆ సమయానికే నడుము పక్కకు వంగి, మెలితిరిగి ఉంటుంది. ఆ దెబ్బంతా వెన్నెముక అడుగు భాగంలో, బంతి వేసే చేతికి ఎదురువైపున ఒక చిన్న ఎముక వంతెన మీద పడుతుంది. రోజుకు నూరు బంతులు, వారాల తరబడి వేస్తే ఆ వంతెన సన్నగా బీటలు వారుతుంది. స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటే అదే. ఆ ఎముక పూర్తిగా గట్టిపడేది ఇరవైల మధ్యలో. అందుకే ఈ గాయం ముప్ఫై ఏళ్లవాళ్ల కన్నా పద్దెనిమిది, ఇరవై, ఇరవై రెండేళ్ల కుర్రాళ్లకు ఎక్కువగా వస్తుంది. ఇంగ్లండ్‌లో కుర్ర ఫాస్ట్ బౌలర్లు రోజుకు ఎన్ని ఓవర్లు వేయొచ్చో వయసుల వారీగా నిబంధన పెట్టడానికి కారణం ఇదే. బీట పడకపోయినా చిక్కే. నొప్పి తెలిసిన శరీరం తనను తాను కాపాడుకుంటుంది. రనప్‌లో, అంటే బంతి వేయడానికి పరుగెత్తుకొచ్చేటప్పుడు ఊపు తగ్గుతుంది, కాలు అంత గట్టిగా నేలకు ఆనదు, భుజం కొంచెం ముందే పడిపోతుంది. భుజం పడితే మణికట్టు పడుతుంది. కోచ్ వీడియో ఆపి చూపిస్తే గానీ బౌలర్‌కే తెలియదు.

ఇర్ఫాన్ 2004 నుంచి 2009 ఫిబ్రవరి లోపల వందకు పైగా వన్డేలు ఆడాడు. పక్కన 29 టెస్టులు. వన్డేల్లో 59 మ్యాచ్‌ల్లోనే వంద వికెట్లు, షమీ దాటేదాకా అదే భారత రికార్డు. బౌలర్‌గా పరుగెత్తిన మనిషే బ్యాట్ పట్టుకుని ఇరవై ఓవర్లు వికెట్ల మధ్య పరుగెత్తేవాడు. చాపెల్ మీద ఫిర్యాదులో నిజం పాలు ఏమైనా ఉంటే అది ఇక్కడే ఉంది. బ్యాటింగ్ అతని బౌలింగ్ బుర్రను పాడుచేసిందనడానికి ఆధారం లేదు. ఇంకా గట్టిపడని నడుము మీద రెండు ఉద్యోగాల బరువు పెట్టారనడానికి మాత్రం స్కోరుకార్డులే సాక్ష్యం. ఆ బరువు పెట్టింది ఒక్క కోచ్ కాదు. కెప్టెన్, సెలెక్టర్లు, క్యాలెండర్ వేసే బోర్డు, ఆల్‌రౌండర్ కావాలి కావాలని కలవరించిన మనం, అందరం కలిసే పెట్టాం. కపిల్ దేవ్ 131 టెస్టులు ఆడేశాడు కదా అంటారు. కపిల్ శరీరం లాంటిది కొలబద్దగా పెట్టుకోవడమే మన దేశంలో ఫాస్ట్ బౌలర్లకు జరిగిన పెద్ద అన్యాయం.

పని రకం కూడా మారింది. మొదట్లో కొత్త బంతి ఇర్ఫాన్‌దే. పోనుపోను ఫస్ట్ చేంజ్‌గా, అంటే కొత్త బంతి వేసినవాళ్ల తర్వాత దిగే బౌలర్‌గా, మెరుపు పోయిన బంతితో పరుగులు ఆపడానికి వాడారు. స్వింగ్ బౌలర్‌కు పాత బంతి ఇచ్చి స్వింగ్ ఏదీ అని అడగడం, అన్నం తిన్నాక ఆవకాయ వడ్డించినట్టు ఉంటుంది. వేగం తగ్గిందన్న విమర్శ చెవినపడ్డ బౌలర్ సహజంగానే బలం పెట్టి వేయబోతాడు. బలం పెడితే యాక్షన్ చెదురుతుంది. యాక్షన్ చెదిరితే స్వింగ్ పోతుంది. స్వింగ్ పోతే విమర్శ పెరుగుతుంది. ఈ గిరగిరలోంచి బయటపడాలంటే ఆరు నెలలు ఆట ఆపి, రనప్ నుంచి కొత్తగా కట్టుకుంటూ రావాలి. 2006 చివర్లో దక్షిణాఫ్రికా టూర్ మధ్యలో అతన్ని ఇంటికి పంపి రంజీలు ఆడుకోమన్నారు. అది విశ్రాంతి కాదు, మరమ్మతూ కాదు. మళ్లీ పరీక్ష.

ఇప్పుడు పక్కన పాట్ కమిన్స్‌ను నిలబెట్టి చూడండి. 2011 నవంబరులో జొహానెస్‌బర్గ్‌లో పద్దెనిమిదేళ్లకు తొలి టెస్టు. రెండో ఇన్నింగ్స్‌లో ఆరు వికెట్లు, మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్. తర్వాత వెన్ను విరిగింది, మళ్లీ విరిగింది. రెండో టెస్టు ఎప్పుడు ఆడాడో తెలుసా? 2017 మార్చి, రాంచీ. మధ్యలో అయిదేళ్లకు పైగా ఖాళీ. ఆస్ట్రేలియావాళ్లు మహానుభావులై ఆపారని కాదు, సగం గాయాలే ఆపాయి. కానీ ఆ ఖాళీలో ఎముక గట్టిపడింది, యాక్షన్ కుదురుకుంది. రాంచీలో దిగేనాటికి కమిన్స్ వయసు ఇరవై మూడు. మనవాడు ఆఖరి టెస్టు ఆడిన వయసుకు వాళ్లవాడు రెండో టెస్టు ఆడాడు. ఇర్ఫాన్ తన వాటా ఓవర్లను ముందే, అరువు తెచ్చుకుని మరీ వేసేశాడు.

ఇది ఒక్కడి దురదృష్టం కూడా కాదు. అదే బ్యాచ్ చూడండి. లక్ష్మీపతి బాలాజీ 8 టెస్టులు, 27 వికెట్లు, వెన్నులో స్ట్రెస్ ఫ్రాక్చర్. మునాఫ్ పటేల్ 13 టెస్టులు, 35 వికెట్లు. వస్తూ 140 దాటి వేసినవాడు, పోయేనాటికి గుడ్‌లెంగ్త్ మీద పడేసే మీడియం పేసర్. ఆర్పీ సింగ్ 14 టెస్టులు, 40 వికెట్లు. వీళ్లందరినీ చాపెల్ వన్‌డౌన్‌లో పంపాడా? తర్వాత వచ్చిన ప్రవీణ్ కుమార్‌ది ఇంకా పొట్టి కథ. 2011లో లార్డ్స్‌లో అయిదు వికెట్లు తీసి గౌరవ బోర్డు మీద పేరెక్కించుకున్నాడు. వెస్టిండీస్‌లో మూడు, ఇంగ్లండ్‌లో మూడు, ఆరు టెస్టులతో సరి. సగటు 26 కూడా దాటలేదు. అతని స్వింగ్‌కు వంక పెట్టేవాడు లేడు. వేగం లేదన్నారు, గాయమైంది, అంతే.

తప్పించుకున్నవాడు ఒకడున్నాడు, అతనూ బరోడాకు ఆడినవాడే. జహీర్ ఖాన్. జట్టులో చోటు పోయాక 2006లో ఇంగ్లండ్ వెళ్లి వూస్టర్‌షైర్ కౌంటీకి ఆడి ఒక్క సీజన్లో 78 వికెట్లు తీశాడు. రోజూ బౌలింగ్, టీవీ కెమెరాలు లేవు, మర్నాటి పేపర్లో మనల్ని తిట్టేవాడు లేడు. రనప్ కుదించుకున్నాడు. తిరిగొచ్చి 311 టెస్టు వికెట్ల దాకా వెళ్లాడు. అయితే జహీర్ ఆ సీజన్ ఆడింది ఇరవై ఏడేళ్లకు. ఎముకలూ ముదిరాయి, బుర్రా ముదిరింది. ఇర్ఫాన్‌కు ఆ వయసు వచ్చేసరికి టెస్టు తలుపు మూసుకుని మూడేళ్లయింది. వెన్ను గాయంతో మధ్యలో చాలాకాలం ఆటే లేదు.

అయినా అతను తిరిగొచ్చాడు. రంజీల్లో మళ్లీ బంతిని తిప్పి, 2011 డిసెంబరులో చెన్నైలో వెస్టిండీస్ మీద వన్డే ఆడాడు. 2012 ఆగస్టు 4న పల్లెకెలెలో శ్రీలంక మీద 61 పరుగులకు 5 వికెట్లు తీశాడు. అది అతని ఆఖరి వన్డే. అయిదు వికెట్లు తీసిన మనిషిని మళ్లీ ఎందుకు పిలవలేదు? అక్టోబరులో టీ20 ప్రపంచకప్ ఆడాక మోకాలు ఇబ్బంది పెట్టింది. ఆ శీతాకాలంలో భువనేశ్వర్ కుమార్ అనే కొత్త కుర్రాడు బంతిని రెండువైపులా తిప్పుతూ వచ్చేశాడు. 2013 చాంపియన్స్ ట్రోఫీ జట్టులో ఇర్ఫాన్ పేరుంది కానీ ఒక్క మ్యాచూ ఆడలేదు. ఇక్కడ మాత్రం అతనికి అన్యాయం జరిగిందనే అంటాను. ఇరవై ఏళ్లప్పుడు ఆపాల్సిన చోట ఆపకుండా ఆడించారు. ఇరవై ఎనిమిదేళ్లకు, ఓపిక పట్టాల్సిన చోట పట్టలేదు. 2014లో మన సన్‌రైజర్స్ చొక్కా వేసుకుని ఉప్పల్‌కు వచ్చినప్పటికి అతను ఐపీఎల్‌లో జట్లు మారుతున్న అనేకమందిలో ఒకడు.

2020 జనవరి 4న అన్ని రకాల ఆటకూ వీడ్కోలు చెప్పాడు. అంతకు ముందు రెండేళ్లు జమ్మూ కశ్మీర్ జట్టుకు ఆటగాడిగా, మెంటార్‌గా పనిచేశాడు. ఆ రాష్ట్రం నుంచే తర్వాత ఉమ్రాన్ మాలిక్ వచ్చి నారింజ రంగు జెర్సీలో 2022 ఐపీఎల్‌లో 157 కిలోమీటర్ల వేగంతో బంతి వేశాడు, ఆ సీజన్లో 22 వికెట్లు తీశాడు. నెలన్నర తిరక్కుండానే దేశం తరఫున ఆడించారు. అతన్ని భారత జట్టులో మనం ఆఖరుసారి చూసింది 2023 జూలైలో, వెస్టిండీస్‌లో. అప్పటికి అతనికి ఇరవై మూడేళ్లు.